రావడం మానేసిన సూదితోకలు

పక్షులు చూడ్డం మొదలుపెట్టిన కొత్తలో, పుస్తకంలో పిట్ట బొమ్మ కన్నా దాని పక్కనుండే చిన్న పటమే నాకు ఎక్కువ ఇష్టం. గూడు కట్టి పిల్లల్ని పెంచే చోటికి ఒక రంగు, ఏడాదంతా ఉండిపోయే చోటికి ఇంకో రంగు, చలికాలం గడిపే చోటికి నీలం. సూదితోక బాతు పటంలో పైభాగమంతా ఒక రంగు, ఆర్కిటిక్ అంచుల దాకా. కింద నీలం. మధ్యలో వేల కిలోమీటర్ల ఖాళీ. కిలోకి అటూ ఇటూ తూగే బాతు ఆ ఖాళీని ఏడాదికి రెండుసార్లు దాటుతుందంటే నమ్మబుద్ధయ్యేది కాదు. ఆ ఖాళీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లాగుతూ ఎంతసేపు కూర్చునేదాన్నో.

మాకు జువాలజీ చెప్పిన మాస్టారు ఒకసారి ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, "ఈ నీలం ఎవరు వేశారమ్మా?" అని అడిగారు.

"పుస్తకం వేసినవాళ్లే కదా సార్."

"పిట్టలు వేశాయి. ఏళ్ల తరబడి అవి ఎక్కడెక్కడ దిగాయో చూసి వీళ్లు దించుకున్నారు, అంతే."

ఆ రోజు ఆ మాట మామూలుగానే విన్నాను. అదెంత పెద్ద మాటో తెలిసేసరికి నాకు తల నెరిసింది. పిట్టలు వేసిన రంగుని పిట్టలే జరపగలవు. కొన్ని జాతుల విషయంలో ఇప్పటికే జరిపేశాయి.

ఏటా జనవరిలో నీటి పక్షుల లెక్కకి మాస్టారు మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. తెల్లవారకముందే సరస్సు గట్టు మీదుండాలి. పొద్దెక్కితే నీళ్ల మీద వెలుగు కళ్లలో కొట్టి, ఏది ఏ బాతో తేల్చుకోవడం కష్టం. చేతిలో నొక్కితే టిక్కుమనే చిన్న లెక్కమిషను. గుంపు పెద్దదైతే ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టం. ముందు పది బాతులు ఎంత మేర ఉన్నాయో కళ్లతో కొలుచుకుని, అదే కొలతని గుంపు మీద జరుపుకుంటూ పది, ఇరవై, ముప్పై అని పోవడమే. సగంలో ఉండగా ఏ గద్దో మీదుగా పోయిందంటే గుంపంతా ఒక్కసారి లేచిపోతుంది. మళ్లీ మొదటికి. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి, ముక్కు కారేది, అయినా ఒక్కరం కూడా టెలిస్కోపు దగ్గరనుంచి కదిలేవాళ్లం కాదు.

సూదితోకలంటే నాకు ప్రాణం. మగదానికి ముదురు గోధుమ రంగు తల. రొమ్ము తెలుపు సన్నబడుతూ మెడ పక్కనుంచి పైకి పాకి తల వెనక ఆగిపోతుంది. తోక మధ్యలో రెండు ఈకలు నల్లగా, పొడుగ్గా, కొనదేరి ఉంటాయి. మేసేటప్పుడు తలా మెడా నీళ్లలో ముంచి, తోక పైకెత్తి నిలువుగా నిలబడుతుంది. మెడ పొడుగు కాబట్టి పక్కనున్న చిన్న బాతులకి అందని లోతులోని గింజలూ దుంపలూ దానికి అందుతాయి. తెల్లారే వేళ వందల తోకలు ఒకేసారి నీళ్లలోంచి పైకి లేచి కనబడేవి. ఆడవి మట్టి రంగు చుక్కలతో ఏ ఆర్భాటమూ లేకుండా ఉంటాయి గానీ, ఆ సన్నటి మెడ చూస్తే ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు.

లెక్క విషయంలో మాస్టారిది ఒకటే పట్టు. వెతికి చూసినా పిట్ట కనబడకపోతే కాగితంలో గడి ఖాళీగా వదలకూడదు. "సున్నా వెయ్యండి. ఖాళీ అంటే మీరు చూడలేదని. సున్నా అంటే చూశారు, అది లేదు అని." ఆ రోజుల్లో మా కాగితాల్లో సున్నాలు తక్కువ. వేయాల్సి వచ్చినప్పుడు కూడా ఏదో లాంఛనంగా వేసేవాళ్లం.

లెక్కలు ఒకెత్తు, రింగులు వేయడం ఒకెత్తు. పిట్ట కాలికి నంబరున్న తేలికపాటి లోహపు రింగు తొడిగి వదిలేయడం 1899లో డెన్మార్క్‌లో హాన్స్ మోర్టెన్సెన్ అనే బడి పంతులు మొదలుపెట్టిన పద్ధతి. అంతకుముందు పిట్టలు ఎక్కడికి పోతాయన్నదానికి ఊహలే ఎక్కువ, ఆధారాలు తక్కువ. మేము జమ్ము పొదల దగ్గర సాయంత్రం సన్నటి వల కట్టేవాళ్లం. జిట్టంగులు రాత్రి పడుకోవడానికి గుంపుగా అక్కడికి చేరేవి. వలలోంచి తీసి గుడ్డసంచిలో వేసి, తూకం చూసి, రింగు తొడిగి, రెక్క కొలిచి వదలాలి. ఇదంతా నిమిషాల్లో అయిపోవాలి.

మాస్టారు పిట్టని వెల్లకిలా పట్టుకుని గొంతు కింద ఈకల మీద మెల్లగా ఊదేవారు. ఈకలు విడిపోయి పల్చటి చర్మం కనబడేది. దాని కింద ముదురెరుపు కండ. గొంతు కిందుగా రెండు ఎముకలు కలిసే చోట ఒక చిన్న గుంట ఉంటుంది. చలికాలం మొదట్లో, ప్రయాణం చేసి దిగిన పిట్టకి ఆ గుంట లోతుగా, ఖాళీగా ఉండేది. తిరిగి వెళ్లే రోజులు దగ్గరపడ్డాక ఊదితే అదే గుంట పసుప్పచ్చటి కొవ్వుతో నిండి, పైకి ఉబికి ఉండేది. "ఇదీ దీని పెట్రోలు. ఇది నిండకుండా బయల్దేరిందంటే దారిలోనే పోతుంది" అనేవారు. దూరం వలస పోయే కొన్ని జాతులు బయల్దేరే ముందు తమ మామూలు బరువుకి దాదాపు రెట్టింపవుతాయి. నా అరచేతిలో ఆ గుండె కొట్టుకునే వేగం ఇప్పటికీ గుర్తుంది. ఇంత కొవ్వు కూడబెట్టాలి, ఇంత దూరం ఎగరాలి, మళ్లీ రావాలి. ఈ కష్టం ఏ పిట్టా సరదాకి పడదని, తప్పదు కాబట్టే పడుతుందని నాకు అక్కడే అర్థమైంది. తప్పనిసరి కానప్పుడు మానేస్తుందని మాత్రం అప్పుడు తట్టలేదు.

తర్వాత్తర్వాత మాస్టారు రిటైరయ్యారు, లెక్కల బాధ్యత మా మీద పడింది. సూదితోకలు ఒక ఏడు తగ్గేవి, మరో ఏడు కాస్త పెరిగేవి, ఆ తర్వాత ఇంకా తగ్గేవి. ఒక్క ఏడు చూస్తే ఏమీ తెలీదు. పాత కాగితాలన్నీ వరసగా పేర్చుకుంటే తెలుస్తుంది. మాకు మొదట వచ్చిన ఆలోచన ఒక్కటే: చచ్చిపోతున్నాయేమో. వేట, విషం, రోగం... ఏదో జరుగుతోందని టెన్షన్ పడ్డాం.

చచ్చిపోకుండానే ఒక పిట్ట రావడం మానేయగలదని నాకు వేరే దేశాల లెక్కలు చదివాక తెలిసింది. అమెరికాలో 1900 డిసెంబర్ 25న ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, క్రిస్మస్ నాడు పిట్టల్ని వేటాడే అలవాటు బదులు వాటిని లెక్కపెడదామని పిలుపిచ్చారు. మొదటి ఏడు 27 మంది, 25 చోట్ల. ఆ లెక్క అప్పట్నుంచి ఆగలేదు. అంత పొడుగాటి వరస ఉండబట్టే 2009లో అక్కడి పక్షి సంరక్షణ సంస్థ ఆడుబాన్‌వాళ్లు 305 జాతుల నలభై ఏళ్ల లెక్కలు తీసి చూడగలిగారు. సగానికి పైగా జాతుల చలికాలపు విడిది ఉత్తరానికి జరిగింది. సగటున 35 మైళ్లు. సగటు కాబట్టి కొన్ని దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ దూరం జరిగాయి. ఆ ఏళ్లలో అక్కడి జనవరి చలి కూడా తగ్గుతూ వచ్చింది.

యూరప్‌లో బాతుల సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. నీళ్లలో మునిగి మేసే మూడు రకాల బాతులు ఒకప్పుడు చలికాలానికి ఫిన్లాండ్ వదిలి నైరుతి దిక్కుగా దిగిపోయేవి. 1980 నుంచి 2010 లోపు ఫిన్లాండ్‌లో చలికాలం గడిపేవి లక్షకు పైగా పెరిగాయి. ఇంచుమించు అంతే మేర ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఐర్లాండ్‌లలో తగ్గాయి. అక్కడ ఏ సరస్సు గట్టునో కూర్చుని లెక్కపెట్టేవాళ్లకి మాలాగే ఏటికేడు గుంపు పల్చబడడం కనబడి ఉంటుంది. వాళ్లూ మాలాగే బెంగపడి ఉంటారు.

కారణం తెలిశాక నాకు చాలా సహజం అనిపించింది. బాతుకి చలి అంత పెద్ద కష్టం కాదు. పై ఈకల కింద ఒత్తుగా నూగు ఉంటుంది, నీళ్లు తగలకుండా ఈకలకి నూనె రాసుకుంటుంది. దాని కష్టమంతా నీళ్లు గడ్డకట్టడం. పైన మంచు పలక పడిందంటే అడుగునున్న తిండికి దారి మూసుకుపోయినట్టే. కడుపు నింపుకోవాలంటే గడ్డకట్టని నీళ్లు వెతుక్కుంటూ కిందికి రావాల్సిందే. ఇప్పుడు ఆ సరస్సులు ఆలస్యంగా గడ్డకడుతున్నాయి, కొన్నేళ్లు అసలు కట్టడమే లేదు. తిండి అక్కడే దొరుకుతుంటే వందల కిలోమీటర్లు ఎగరడం దేనికి? పైగా దగ్గర్లో ఉన్న పిట్ట ఎండలు రాగానే ముందుగా తిరిగెళ్లి మంచి గూటి చోటు పట్టుకుంటుంది. అందుకే దారి మధ్యలో ఆగిపోతున్నాయి.

ఆర్కిటిక్ రష్యాలో గుడ్లు పెట్టే బెవిక్స్ హంసల కథ కూడా ఇదే. 1964లో ఇంగ్లండ్‌లోని స్లింబ్రిడ్జ్‌లో పీటర్ స్కాట్ అనే పక్షి శాస్త్రవేత్త వాటి ముక్కుల మీద పసుపూ నలుపూ ఎలా కలిసున్నాయో చూసి ఒక్కొక్క హంసనీ విడిగా గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఏ రెండు ముక్కులూ ఒకేలా ఉండవట. ఆ కుటుంబాల్ని తరతరాలుగా ఎరిగున్న చోటు అది. 1970 నుంచి ఈ హంసల చలికాలపు విడిది ఏడాదికి సుమారు 13 కిలోమీటర్ల చొప్పున తూర్పుకి, అంటే అవి గూడు కట్టే వైపుకి జరిగిపోతోందని తేలింది. పేరు పెట్టి పిలుచుకున్న పిట్టల పిల్లలు, మనవలు రావడం మానేస్తే ఆ గట్టు మీదివాళ్లకి ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను.

ఈ కబుర్లన్నీ మాస్టారికి ఫోన్‌లో చెప్పేదాన్ని. ఆయన ఇప్పటికీ జనవరి లెక్క అవగానే ఫోన్ చేస్తారు. పలకరింపులు తర్వాత, ముందు సూదితోకలు ఎన్ని అనే అడుగుతారు. తక్కువ అంకె చెబితే కాసేపు ఊరుకుని, "ఉత్తరాన ఈసారి చలి ఎలా ఉందట?" అంటారు. గట్టి చలి పడిన ఏడు పిట్టలు ఎక్కువ దిగుతాయన్నది ఆయన లెక్క. యూరప్‌లో ఇది చాలాసార్లు కనబడిన సంగతే. సరస్సులు హఠాత్తుగా గడ్డకట్టినప్పుడు బాతులు రోజుల్లోనే పాత చోట్లకి వచ్చి పడతాయి.

అందుకే కొందరు "ఇక ఇక్కడికి పిట్టలు రావుగా, ఈ సరస్సుకి ఇంకా కాపలా ఎందుకు" అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఒక చోట మామూలుగా 20,000 నీటి పక్షులు చేరినా, ఒక జాతి మొత్తంలో నూటికి ఒక వంతు అక్కడ ఉన్నా, దానికి అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్నట్టు లెక్క. మంచి కొలతే. అయితే ఆ కొలత పెట్టినప్పుడు పిట్టలు ఏటా అక్కడికే వస్తాయనే ధీమా ఉంది. ఇప్పుడు గుంపులు జరిగిపోతుంటే కొత్తగా చేరుతున్న చోట్లకి ఏ రక్షణా ఉండకపోవచ్చు, పాత చోట్ల అంకెలు తగ్గి విలువ పోవచ్చు. రెండూ కావాలి. గడ్డకట్టే చలి వచ్చిన ఏడు ప్రాణం దక్కించుకోవడానికి పరిగెత్తుకొచ్చే చోటు పూడ్చేసి ఉంటే ఆ బాతు ఎక్కడ దిగాలి?

దారిలో ఆగిపోగలిగినవాటి గురించి నాకు అంత భయం లేదు. ఆగలేనివే నన్ను బాధపెడతాయి.

చిన్న చిన్న కూతపిట్టలు ఎన్నో ఐరోపాలో గుడ్లు పెట్టి సహారా దాటి ఆఫ్రికాలో చలికాలం గడుపుతాయి. వాటికి మంచుతో పనిలేదు, వానతో పని. సహారా దిగువన సాహెల్‌లో 1968లో వానలు దెబ్బతిన్నాయి. మరుసటి ఎండాకాలం బ్రిటన్‌లో వైట్‌త్రోట్ అనే పిట్టలు నాలుగింట మూడు వంతులు తిరిగి రాలేదు. గూడు కట్టే పొదలన్నీ అలాగే ఉన్నాయి, పిట్టలు లేవు. చలికాలపు విడిది చెడితే వేల కిలోమీటర్ల అవతల ఎండాకాలం మూగబోతుందని ఆ ఒక్క ఏడు చూపించింది.

ఇంకొన్నిటికి కాలమే కుదరడం లేదు. బాతు పక్కనున్న సరస్సు చూసి నిర్ణయం తీసుకోగలదు. ఆఫ్రికాలో ఉన్న పిట్టకి ఐరోపాలో వసంతం ముందే వచ్చేసిందని కబురెవరు చెప్తారు? అది పగటి పొడుగునీ, ఒంట్లోని గడియారాన్నీ నమ్ముకుని బయల్దేరుతుంది. పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట అలాగే బయల్దేరి నెదర్లాండ్స్ చేరేసరికి, పిల్లలకి పెట్టాల్సిన గొంగళిపురుగుల రోజులు కొన్ని అడవుల్లో ముందే దాటిపోతున్నాయి. అలాంటి అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఆ పిట్టలు దాదాపు 90 శాతం తగ్గాయని 2006లో బయటపడింది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది నాట్ అనే ఉల్లంకి జాతి పిట్ట. సైబీరియాలో తైమీర్ ద్వీపకల్పంలో గుడ్లు పెడుతుంది. పశ్చిమాఫ్రికా తీరాన మారిటానియాలోని బాంక్ దార్గాఁ బురద మేటల మీద చలికాలం గడుపుతుంది. అక్కడ దాని ముఖ్యమైన తిండి బురదలో లోతుగా దాక్కునే చిన్న ఆల్చిప్పలు. ముక్కు బురదలోకి గుచ్చి వెతికి, దొరికినదాన్ని చిప్పతో సహా మింగుతుంది. లోపల కండ గట్టిపడిన కడుపు దాన్ని నలుపుతుంది. ఇప్పుడు తైమీర్‌లో మంచు ముందే కరిగిపోతోంది. పురుగులు ముందే లేచి ముందే అయిపోతున్నాయి. పిల్లలు గుడ్డులోంచి వచ్చేసరికి తిండి తక్కువ. ఎదగాల్సిన రోజుల్లో తిండి లేక పిల్లలు చిన్నగా, పొట్టి ముక్కులతో తయారవుతున్నాయి. అదే ముక్కుతో ఆఫ్రికా చేరాక ఆల్చిప్పలు అందవు. అందక బురద పైపొరలో నీటిగడ్డి వేళ్లు తిని గడుపుతున్నాయి. పొట్టి ముక్కు పిల్లలు ఆ మొదటి చలికాలాల్లో ఎక్కువగా చనిపోతున్నాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు.

ఇది చదివిన రోజు చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. కొన్ని మిల్లీమీటర్ల ముక్కు. ఆర్కిటిక్‌లో కరిగిన మంచుకి ఆఫ్రికా బురదలో ఆకలి. చలికాలం ఎక్కడ గడపాలన్న ప్రశ్న ఆ పిట్టకి ఎదురవలేదు. తాతముత్తాతలు వచ్చిన చోటికే వచ్చింది, వచ్చిన చోట తిండి కూడా ఉంది, ముక్కు అందలేదు.

ఇదంతా చెప్పి, రాని ప్రతి పిట్టనీ వాతావరణం ఖాతాలో వేయడం కూడా నాకు నచ్చదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి చలికాలంలో వచ్చే సైబీరియన్ కొంగలు 2002 తర్వాత కనబడలేదు. దారి పొడుగునా జరిగిన వేటకి వాటి గుంపు కరిగిపోయింది. ఇప్పుడు ఆ జాతి దాదాపు మొత్తం చైనాలోని పోయాంగ్ సరస్సు మీద ఆధారపడి ఉంది. స్పెయిన్, పోర్చుగల్‌లలో వైట్ స్టార్క్ అనే పెద్ద కొంగలు చాలా వరకు ఆఫ్రికా వెళ్లడం మానేశాయంటే అందులో చలి తగ్గడం కన్నా చెత్తకుప్పల్లో దొరికే తిండి వాటా ఎక్కువ. మా సరస్సులో సూదితోకలు తగ్గడానికీ నీటి లోతు, ఒడ్డున పెరిగిన రద్దీ, ఇలా మరో నాలుగు కారణాలు ఉండొచ్చు. ఒక్క సరస్సు లెక్కతో కారణం తేలదు. వందల సరస్సుల లెక్కలు పక్కపక్కన పెడితేనే ఇక్కడ తగ్గింది అక్కడ పెరిగిందా, అసలే పోయిందా అన్నది తెలిసేది.

పోయిన జనవరిలో ఒక సరస్సు కాగితంలో సూదితోకల గడిలో సున్నా వేయాల్సి వచ్చింది. పొద్దున్నంతా టెలిస్కోపుతో నీళ్లన్నీ గాలించాకే వేశాను. ఎక్కడో ఉత్తరాన గడ్డకట్టని నీళ్లలో అవి హాయిగా మేస్తుండొచ్చు. వాటికి ఒక ప్రయాణం తప్పింది, కొన్ని ప్రాణాలు దక్కాయి, అది మంచిదే కదా అని నా మనసుకి నేనే సర్దిచెప్పుకుంటాను. అయినా దుఃఖం దుఃఖమే. నా చిన్నతనంలో ఆ నీళ్ల మీద లేచిన తోకల్ని ఇప్పుడు నాతో వచ్చే పిల్లలకి చూపించలేను. "ఇక్కడ వందలుండేవి" అంటే మర్యాదకి తలూపుతారు.

మాస్టారికి ఫోన్‌లో చెబితే, "సున్నా వేశావు కదా? ఖాళీగా వదల్లేదు కదా?" అన్నారు. వేశానన్నాను. అయితే పాత కాగితాలన్నీ ఎక్కించేయమ్మా అన్నారు.

ఆ పని మీదే ఉన్నానిప్పుడు. ఈబర్డ్ అని, ఎవరైనా పక్షుల లెక్కలు నమోదు చేయగల వెబ్‌సైట్ ఉంది. అందులో పాత తేదీలతో కూడా లెక్కలు ఎక్కించవచ్చు. మీలో ఎవరి దగ్గరైనా పాత డైరీలు, లెక్క కాగితాలు, వెనక తేదీ రాసున్న పక్షుల ఫోటోలు ఉంటే దయచేసి బయటికి తీయండి. తేదీ, చోటు, పిట్ట పేరు, ఎన్ని కనబడ్డాయి అన్నవి ఉంటే చాలు. అంకె రాయకపోతే ఉన్నట్టు మాత్రమే నమోదు చేయొచ్చు. ఏ జాతో గట్టిగా తెలియనిదాన్ని ఊహించి రాయకండి, బాతు అని వదిలేయండి. చెదలు పట్టకముందే మొదలుపెట్టండి. నా కాగితాల్లో రెండు కట్టలు ఇప్పటికే చదవడానికి వీల్లేకుండా పోయాయి.